గాలికి నలుగు

మొదటిసారి ఆ ఇసక మీద నిలబడి చేతులు ఎత్తిన పొద్దున్న నేను మెలకువలో ఉన్నానో నిద్రలో ఉన్నానో ఇప్పటికీ తేల్చుకోలేను. మంచు విడలేదు. సముద్రం కనిపించడం లేదు, వినిపిస్తోంది అంతే. నా ముందు ఒక మనిషి వీపు ఉంది. ఆ వీపు ఏం చేస్తే నా వీపు అది చేయాలని చెప్పారు. చేతులు లేస్తున్నాయి గానీ లేపుతున్నట్టు తెలియడం లేదు. యాభై ఏడేళ్ళ మనిషిని, అంత నెమ్మదిగా ఏ పనీ చేసి ఎరగను. నెమ్మది అనే మాట మా ఇంట్లో నా గురించి ఎవరూ వాడరు.

సముద్రం ఒడ్డున ఉన్న అక్కుపల్లికి రెండు మైళ్ళ ఇవతల మా జీడితోట, తోటలోనే ఇల్లు. పలాసలో చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది మాకు. ముప్పై ఏళ్ళు అక్కడ పీట వేసుకుని కూర్చుని గుండు పప్పు ఒక పక్క, బద్ద ఒక పక్క, ముక్క ఒక పక్క వేయించాను. కూర్చుని కూర్చుని మోకాళ్ళు అరిగాయి, అరిచి అరిచి బీపీ వచ్చింది. నేను పీట మీంచి లేస్తే పప్పు ఏరే ఆడవాళ్ళు మాటలు ఆపేసేవారు. అది గౌరవమని అనుకునేదాన్ని, పిచ్చిదాన్ని.

ఒకరోజు ఆ ఫ్యాక్టరీ మెట్టు మీదే కళ్ళు తిరిగి పడ్డాను. ఎముక విరగలేదు. విరిగింది ధైర్యం. ఆ తర్వాత గోడ పట్టుకోకుండా పది అడుగులు వేయలేకపోయాను. మా ఆయన చెయ్యి అందిస్తే విసిరి కొట్టేదాన్ని, కొట్టి మళ్ళీ గోడ వెతుక్కునేదాన్ని. డాక్టరు నొప్పి మాత్రలు రాశాడు. ఉద్దానంలో పుట్టిన వాళ్ళకి నొప్పి మాత్ర అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. అక్షరం ముక్క రాని వాళ్ళకి కూడా మా దగ్గర క్రియాటినిన్ అనే మాట వచ్చు. కిడ్నీల జబ్బు రేపు ఏ గుమ్మం తొక్కుతుందో తెలియని చోట, ఆ కిడ్నీలనే తినేసే మాత్రలు ఎవరు మింగుతారు? మాత్రల చీటీ మడిచి దేవుడి పటం వెనక పెట్టేశాను. నొప్పిని ఉండనిచ్చాను.

అప్పుడు అప్ప వచ్చింది. మా వైపు అక్కని అప్ప అంటాం. ఈమె నాకు చుట్టం కాదు, రోజు విడిచి రోజు అక్కుపల్లి నుంచి గంప నెత్తిన పెట్టుకుని మా తోటకి చేపలు తెచ్చే మనిషి. నాకంటే పదేళ్ళు పెద్దది. పెనిమిటిని ఆ కిడ్నీల జబ్బే తీసుకుపోయింది. గేటు దగ్గర "సేపలో" అని ఒక్క కేక వేస్తే తోట చివర ఉన్న పిల్లులన్నీ వచ్చేసేవి. ఆ రోజు గంప దించి, గోడ పట్టుకుని వస్తున్న నన్ను కిందా మీదా చూసింది.

"ఏటమ్మా, గోడకి కాపలా కాత్తన్నావా?"

ఇంకెవరైనా ఆ మాట అంటే నేను ఊరుకునేదాన్ని కాదు. అప్పని ఏమీ అనలేను.

"మా వోడు సింగపూర్లో ఏటో నేర్సుకొచ్చినాడు. పొద్దున్నే ఇసకలో నిలబడి గాలికి నలుగు పెడతన్నాడు. ఊరోళ్ళు నవ్వుతారు గాని, ఓడల పనిలో ఇరిగిపోనాదనుకున్న వోడి నడుం ఆ నలుగుతోనే లేసినాది. ఓపాలి రా."

గాలికి నలుగు పెట్టడం! నవ్వొచ్చింది. కానీ చూడగానే ఆమె అన్నది నిజమే అనిపించింది. పండగ పూట పసివాడి ఒంటికి సున్నిపిండి రాసినట్టు ఆ మనిషి గాలి ఒళ్ళంతా అరచేతులతో మెల్లగా రుద్దుతున్నాడు.

అప్ప కొడుకుకి నలభై లోపే ఉంటాయి. తొమ్మిదేళ్ళు సింగపూర్లో ఓడలకి వెల్డింగు చేశాడు. అక్కడ నడుం పట్టేసి వంగలేని రోజుల్లో, వాళ్ళ బస పక్కన పార్కులో ఒక చైనా ముసలాయన పొద్దున్నే ఇలా కదులుతూ కనిపించేవాడట. సెలవు రోజుల్లో వెళ్ళి వెనక నిలబడేవాడట. ఒకరి భాష ఒకరికి రాదు. ఇతను తప్పు చేసిన చోట ముసలాయన రెండు వేళ్ళతో మోచెయ్యి ముట్టుకుని సరిచేసేవాడు, అంతే చదువు. దాని పేరు తాయ్‌చీ అని చాలా రోజుల తర్వాత తెలిసిందట.

"వల లాగిన సేతులు కదా పిన్నీ నాయి. ఓరోజు ఆ ముసిలోడు, తొయ్ నన్ను, అని సైగ సేసినాడు. బక్కోడు. ఊదితే ఎగిరిపోతాడు. తోసినాను. వోడు నిలబడినకాడే ఉన్నాడు, నాను పోయి సెట్టుకి గుద్దుకున్నాను."

నేను వాళ్ళమ్మని అప్పా అంటాను కాబట్టి నన్ను పిన్నీ అన్నాడు. వారానికి నాలుగు రోజులు మా ఆయన బండి మీద దింపేవాడు, దింపి ఊళ్ళో టీ కొట్టు దగ్గర కాలక్షేపం చేసేవాడు. నేను ఇసకలో నడవడం నేర్చుకునేదాన్ని. అవును, నడవడమే. మొదటి నెలంతా అదే. ఒక కాలు నిండు కాలు, ఒక కాలు ఖాళీ కాలు. బరువంతా నిండు కాలిలోకి ఒలికిపోవాలి. ఖాళీ కాలు ఈకలా ఉండాలి. అప్పుడే అది ముందుకు వెళ్ళొచ్చు. "రెండు కాళ్ళల్లోనూ సగం సగం ఉంటే పడిపోతాం పిన్నీ. ఉంటే ఇక్కడుండు, పోతే అక్కడికి పో." ఆ మాట నాకు కాళ్ళ గురించే చెప్పాడా అని ఇంటికి వెళ్ళేదాకా ఆలోచించేదాన్ని.

తోయడం కూడా నేర్పాడు. ఎదురెదురుగా నిలబడి మణికట్టు మణికట్టుకి ఆనించి ఒకర్నొకరు తోయాలి, తోస్తే ఒదగాలి. నాకు తోయడం వచ్చు, ఒదగడం చేతకాదు. పుట్టాక ఒదిగింది లేదు. ఒకరోజు పంతం పట్టి బలమంతా పెట్టి తోశాను. అక్కడ అతను లేడు. నోటి నిండా ఇసక. మోకాళ్ళ మీద పడ్డాను, నొప్పి లేదు, నవ్వాపుకోలేక అక్కడే కూర్చుండిపోయాను. పడ్డందుకు నవ్వడం ఆ ఏడాదిలో అదే మొదలు.

"కోపం నీకు సేతిలోకి రాదు పిన్నీ, ముందు బుజంలోకి వత్తాది. బుజం లేసిందంటే నువ్వెప్పుడు తోత్తావో నాకు తెలిసిపోతంది. శత్రువుకి ముందే సీటీ రాసి పంపినట్టు."

అప్పటి నుంచి ఫ్యాక్టరీలో కేక వేయబోతూ నా భుజం వైపు చూసుకునేదాన్ని. లేచి ఉండేది. దాన్ని దించేసరికి కేక వేయాల్సిన సంగతి చిన్నదైపోయేది. పప్పు ఏరే ఆడవాళ్ళు నాకు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు. మూడు నెలలకి బీపీ ఎంత దిగిందంటే, మిషను చెడిపోయిందేమోనని రెండుసార్లు చూశాడు డాక్టరు. పలాస బస్సులో సీటు కోసం ఒక పెద్దమనిషి మోచేత్తో తోస్తే, అనుకోకుండానే నడుం తిప్పి ఒదిగాను. ఆయన నన్ను దాటుకుని పోయి కండక్టరు ఒళ్ళో పడ్డాడు. క్షమించమని నేనే అడిగాను గానీ, పలాసలో దిగేదాకా కిటికీ వైపు తిరిగి నవ్వుకుంటూనే ఉన్నాను.

గోడ వదిలేశాను. ఎప్పుడు వదిలానో గుర్తు లేదు. ఒకరోజు మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి నేను రెండు చేతులా పాలగిన్నె పట్టుకుని వస్తుంటే చూస్తున్నాడు. ఏమీ అనలేదు, అంటే నేను మళ్ళీ పడతానేమోనని భయం కాబోలు.

ఇంత నేర్పినవాడు ఒక్కటే ఖచ్చితంగా చెప్పాడు. సముద్రం వైపు తిరిగి చేయొద్దు, ఊరి వైపు మొహం పెట్టి చెయ్యి. ఎందుకని నేను అడగలేదు. గంగమ్మ తల్లికి ఎదురుగా చేతులు తిప్పకూడదనే నమ్మకం ఏదో ఉందనుకున్నాను. అతనూ వివరించలేదు. గడ్డివాములో అగ్గిపుల్ల వేయొద్దని ఎవరైనా కారణం చెబుతారా? ఆ ఒడ్డున పుట్టిన వాళ్ళకి అది అలాంటి సంగతి.

ఆ రోజు వాన వెలిసిన మర్నాడు. నేను వెళ్ళేసరికి అతను లేడు. మేనమామ పడవలో మనిషి తక్కువై వేటకి వెళ్ళాడని ఇసకలో వల విడదీస్తున్న ముసలమ్మ చెప్పి, తన పని చూసుకుని వెళ్ళిపోయింది. మా ఆయన టీ కొట్టుకి పోయాడు. ఒడ్డు మీద నేనొక్కదాన్నే. మంచు పొర చిరిగి సూర్యుడు వచ్చాడు. నీళ్ళు, ఇసక, నా చీర, అంతా ఎర్రగా అయిపోయింది. అంత వెలుగుకి వీపు పెట్టి పెంకుటిళ్ళ వైపు తిరిగి నిలబడడం నాకు చేతకాలేదు. ఇసక దిబ్బ ఎక్కి సముద్రం వైపు తిరిగాను.

అలా ఎప్పుడూ కుదరలేదు నాకు. నేను లేను, చేతులే ఉన్నాయి. కెరటం లేస్తుంటే ఊపిరి వస్తోంది, విరుగుతుంటే పోతోంది. ఒడ్డు కెరటాలకి అవతల ఒక పడవ ఆగి ఊగుతోంది. నా ఊపే దానికీ ఉందనిపించింది. రెండు చేతులూ తల దాకా ఎత్తి, దేన్నో పట్టుకున్నట్టు మెల్లగా ఒంటి వైపు లాక్కునే కదలిక ఒకటి ఉంది. అది చేశాను. పడవ ముక్కు నా వైపు తిరిగింది. మళ్ళీ చేశాను. పడవ కదిలింది. దాన్ని నేనే లాగుతున్నట్టు ఒళ్ళంతా ఒక సంతోషం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించే సంతోషం.

వెనక నుంచి అరుపు వినిపించింది. "ఎవులు పిలిసినారు? ఎవుర్తమ్మా పిలిసింది?" అప్ప గంప పారేసి పరిగెత్తుకొస్తోంది. నేను వెనక్కి తిరిగి, మళ్ళీ ముందుకి తిరిగేలోపు పెద్ద కెరటం పడవని పక్కకి తిప్పేసింది. రెండోది బోర్లించింది.

అప్పుడు తెలిసింది నాకు. కెరటాలు లావుగా ఉన్న రోజున పడవలో వాళ్ళకి వెనక నుంచి ఏ కెరటం ఎంతదో అంచనా దొరకదు. ఒడ్డు మీద అనుభవం ఉన్న మనిషి నిలబడి చేతులతో చెబుతాడు. రెండు చేతులూ ముందుకి తోస్తే ఆగమని. పక్కకి ఊపితే ఆ పక్కకి పొమ్మని. తల దాకా ఎత్తి ఒంటి వైపు లాక్కుంటే, ఇప్పుడు రమ్మని. పెద్ద కెరటాలు మూడు పోయాక ఒక నెమ్మది వస్తుంది, ఆ నెమ్మదిలో పిలవాలి. నేను మూడిటికీ ముందు పిలిచాను.

నలుగురూ ఈదుకుని వచ్చారు. ముగ్గురు తమ కాళ్ళ మీద నడిచి వచ్చారు. నాలుగో మనిషి అప్ప కొడుకు. ఎడం చేత్తో కుడి చెయ్యి పట్టుకుని, అది ఎవరిదో వస్తువైనట్టు మోసుకుంటూ వచ్చాడు. పడవ అంచు భుజానికి కొట్టింది.

టెక్కలి ఆసుపత్రికి మా బండి మీద మా ఆయనకీ నాకూ మధ్య కూర్చోబెట్టుకుని వెళ్ళాం. కీలు మళ్ళీ కూర్చోబెట్టారు. చెయ్యి మెడకి కట్టారు. దారంతా నేను ఏడుస్తూనే ఉన్నాను, అతను నన్ను తిట్టలేదు. ఊళ్ళో వాళ్ళు కూడా తిట్టలేదు. "పోనీ అమ్మా, నీకేటి తెలుసు" అన్నారు. తిట్టినా బాగుండేది. ముప్పై ఏళ్ళు అందర్నీ తిట్టి బతికినదానికి తిట్లు పడకపోవడం ఎంత బరువో అప్పుడు తెలిసింది.

అప్ప మాత్రం ఏమీ అనకుండానే అంతా అంది. రోజు విడిచి రోజు మా గేటు ముందు నుంచే పోయేది. పక్క తోట దాకా కేక వినిపించేది, మా గేటు దగ్గర ఆగిపోయేది, గేటు దాటాక మళ్ళీ మొదలయ్యేది. పిల్లులు గేటు దాకా వచ్చి కూర్చుని, లేచిపోయేవి.

కట్టు విప్పాక చెయ్యి బొడ్డు దాటి పైకి రాలేదు. దగ్గర్లో కడుతున్న మూలపేట పోర్టులో వెల్డింగు పని మాట్లాడుకుని ఉన్నాడు, ఇక పెళ్ళాం పిల్లల్ని వదిలి సింగపూరు పోనక్కర్లేదని. నెత్తి మీద ఇనుముకి వెల్డింగు చేసేవాడికి చెయ్యి లేవకపోతే పని ఏముంది? వలా లాగలేడు. మెల్లగా కదిలించమని డాక్టరు చెప్పాడు. నొప్పి మాత్రలు వాళ్ళింట్లో అసలు ముట్టరు. అతను కదిలించలేదు కూడా. "సెయ్యి సచ్చిపోనాది" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడని విన్నాను.

నాకు వచ్చింది ఒక్కటే, అదే చేశాను. రోజూ పొద్దున్నే వెళ్ళి వాళ్ళ ఇంటి ముందు ఇసకలో, ఊరి వైపు, అంటే వాళ్ళ గుమ్మం వైపు మొహం పెట్టి నిలబడి చేతులు ఎత్తేదాన్ని. సముద్రానికి నా వీపు మాత్రమే కనిపించేలా. మొదటి రోజు అప్ప తలుపు వేసేసింది. రెండో రోజు వాకిలి ఊడుస్తూ దుమ్మంతా నా మీదకే ఊడ్చింది. నా భుజం లేచింది. దించుకున్నాను. ఎన్ని రోజులు అలా వెళ్ళానో లెక్క లేదు. తలుపు వెనక పిల్లల మాటలు, గిన్నెల చప్పుడు, నా వెనక కెరటాలు. ఆ రెండు చప్పుళ్ళ మధ్య నేను కలలో నడిచినట్టు నడిచేదాన్ని.

ఒకరోజు కిటికీ లోంచి అతని గొంతు వచ్చింది.

"మోకాలు లోపలికి పోతంది."

ఆగాను. మోకాలు బయటికి తిప్పాను.

"అంత బయటికి కాదు. ఏటి పిన్నీ, మొత్తం మర్సిపోనావేటి? సూడలేక సత్తన్నాను."

తలుపు తెరుచుకుంది. నేర్పినవాడికి తప్పు చూస్తూ పడుకోవడం చేతకాదు కదా. వచ్చి నా ముందు నిలబడ్డాడు, కుడి చెయ్యి వేలాడుతోంది. నేను రెండు వేళ్ళు అతని మోచేతి కింద పెట్టాను. ఎత్తలేదు, ఊరికే పెట్టాను. నొప్పి మొదలయ్యే చోటుకి ఇంకా కొంచెం ఉందనగా ఆగాలి, అది అతను నాకు చెప్పిందే. "ఆగు నాయనా, రేపుంది" అనేదాన్ని. అతనికి నా కంటే తొందర ఎక్కువైపోయింది ఆ రోజుల్లో. ఒకర్నొకరం తిట్టుకున్నాం కూడా. చెయ్యి బొడ్డు నుంచి రొమ్ము దాకా, రొమ్ము నుంచి గడ్డం దాకా రావడానికి జీడిమామిడి పూత వచ్చి, పిందె పడి, పళ్ళు రాలేంత కాలం పట్టింది. గడ్డం దగ్గర ఆగిపోయింది. ఎన్నాళ్ళైనా అక్కడే. అప్ప మమ్మల్ని చూస్తూ గుమ్మంలో కూర్చునేది. నాతో మాట్లాడేది కాదు.

ఆ పొద్దున్న సముద్రం మళ్ళీ లావుగా ఉంది. ఒడ్డు నుంచి పడవల్ని పిలిచే ముసలాయన జ్వరంతో పడుకున్నాడు. మగవాళ్ళంతా వేటలోనే ఉన్నారు. ఒక పడవ కెరటాలకి అవతల వచ్చి ఆగింది. చూసింది అప్పే. "బోటు వచ్చినాది" అంది, కొడుకు వైపు చూసి.

అతను ఒడ్డు వైపు నడిచాడు, వెనకే నేనూ. ఇసక దిబ్బ ఎక్కాడు. సముద్రం వైపు తిరిగాడు. నేను తిరగలేదు, ఆ వైపు తిరిగే హక్కు నాకు లేదనుకున్నాను. ఊరి వైపే చూస్తూ నిలబడ్డాను. అప్ప వచ్చి నా పక్కన నిలబడింది. ఆమె మొహం సముద్రం వైపు, నా మొహం ఇళ్ళ వైపు. ఆమె ఊపిరి నాకు వినిపిస్తోంది. నేను చెవులతోనే లెక్కపెట్టాను. ఒక పెద్ద కెరటం విరిగింది. ఇంకొకటి. కాళ్ళ కింద నేల అదిరింది. మూడోది విరిగి నురుగు నా మడమల దాకా వచ్చి వెనక్కి పోయింది. తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేనితనం ఎంతసేపో చెప్పలేను. నా కాళ్ళు గోడ కోసం వెతకలేదు. ఉన్నచోటే ఉన్నాయి.

ఇంజను చప్పుడు దగ్గరకొచ్చింది. పడవ అడుగు ఇసకలో గీసుకున్న చప్పుడు వినిపించింది. ఎవరో దూకారు, తాడు తాడు అని కేక.

అప్ప నా భుజం మీద చెయ్యి వేసింది. "తిరుగమ్మా. తిరిగి సూడు."

తిరిగాను. దిబ్బ మీద అతను అలాగే నిలబడి ఉన్నాడు. పడవ వచ్చేసిన సంగతి అతనికి తెలిసినట్టు లేదు. రెండు చేతులూ తలకి పైన ఉన్నాయి. కుడి చెయ్యి కూడా.

అప్ప కొంగుతో ముక్కు తుడుచుకుంది. నా వైపు చూడకుండానే అంది.

"రేపు కోనాం సేప తెత్తాను. గేటు తీసి ఉంచు."